బండి ముందు చోటు

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు హంద్రీ ఒడ్డు ఊళ్లలోని బండ్లన్నీ అటువైపే నడిచాయి. అక్కడ కొత్తగా కడుతున్న ఇళ్లకు బండలు కావాలి. చేలల్లో పని లేని రోజులు గనుక బొజ్జన్న కూడా బండి కట్టాడు.

బొజ్జన్న కోపిష్టి. ఎద్దు ఆగితే ఎద్దును తిట్టేవాడు, ఆగకపోతే ఎదురొచ్చినవాణ్ణి తిట్టేవాడు. మొగుడు ఇంటికొస్తున్నాడని సుంకులమ్మకు బండి చప్పుడు కంటే ముందు ఆ తిట్లే తెలిపేవి. అలాంటి మనిషి ఒక సాయంత్రం ఒక్క తిట్టూ లేకుండా వాకిట్లోకొచ్చి, ఎద్దుల్ని విప్పి, నీళ్లు పెట్టాడు. ఆ మరునాడూ అంతే. ఇది చూసి ఏ ఇల్లాలు ఊరుకుంటుంది?

సుంకులమ్మ కనిపెట్టడం మొదలుపెట్టింది. తెల్లవారగానే బొజ్జన్న కొట్టంలోకి పోయి, బోర్లించిన గంప మీద ఎద్దుల ముందు కూర్చుంటున్నాడు. కళ్లు మూసుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఉలుకూ పలుకూ లేకుండా. కాసేపటికి లేచి బండి కడుతున్నాడు.

"గాలి సోకిండాది. సాయిబు కాడ తాయెత్తు కట్టిద్దాము" అంది అత్త హులిగెమ్మ.

సుంకులమ్మకు భయం కలగలేదు. తెలుసుకోవాలన్న దురద మాత్రం పట్టుకుంది. ఒక రోజు జొన్నసొప్ప వామి వెనక నక్కి చెవులు రిక్కించింది. బొజ్జన్న కళ్లు తెరిచి, "సరే. ఈ పొద్దు అదే" అని తనలో తాను అనుకుని లేచాడు. ఏది అదే? ఆ ఆలోచనలో పడి పెనం మీద రొట్టె మాడ్చింది. ఇక ఆగలేక మరునాడు కొట్టంలోనే నిలదీసింది.

"ఏమయ్యా, దినామూ ఈడ కూర్చోని ఏం చేస్తాండావు?"

బొజ్జన్న సిగ్గుపడ్డాడు. తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"పోయిన నెల పైన యాడనో వాన పడి హంద్రీ పొంగింది గదా. నీళ్లు తగ్గేదాకా ఒడ్డునే కూర్చుంటి. తిట్టేకి మనిషి లేడు. ఏటిని తిట్టినా. అది ఇనదు. ఊరికే కూర్చుంటే ఒక మాట తట్టింది. ఇంత అరుస్తాండానే, అసలు నాకేం గావాల? అడిగితే జవాబు లేదు. శానా సేపు అట్లే చూస్తి. ఆఖరికి తెలిసింది. ఎద్దుల్ని కొట్టకుండా ఇల్లు చేరాలని ఉండాది నాకు."

"అంతేనా?"

"అంతే. ఆ దినము కొట్టకుండా వస్తి. అప్పట్నుంచి బండి కట్టేకి ముందు కూర్చోని అడుక్కుంటా. ఈ పొద్దు ఏం గావాల అని. ఒకటే పెట్టుకుంటా. ఎక్కువైతే గుర్తుండవు."

"పెట్టుకున్యేది జరుగుతాదా?"

"యాడ? నిన్న తోవలో లారీ వాణ్ణి తిట్టనే తిట్టినా. అయినా ఈ పొద్దు మళ్లా కూర్చున్యా గదా."

బండి వెళ్లిపోయాక సుంకులమ్మ కొట్టంలోకి పోయి అదే గంప మీద కూర్చుంది. కళ్లు మూసుకోగానే మజ్జిగ చిలకలేదని గుర్తొచ్చింది. ఆ వెనకే అత్త దగ్గు, పక్కింటి ఈరక్క ఇంట్లో గుడ్లు పెట్టి వస్తున్న తన కోడి గుర్తొచ్చాయి. తన తలకాయలో ఇంత సంత జరుగుతోందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. నవ్వొచ్చి లేచిపోయింది. కానీ మరునాడు మళ్లీ కూర్చుంది. లోపల ఇంకేముందో చూడాలనిపించింది.

నాకేం కావాలి అని అడిగితే ఇంట్లో అందరికీ కావలసినవి వరసగా వచ్చేవి. తన వంతు మాత్రం వచ్చేది కాదు. అది ఆమెకు వింతగా తోచింది. ఒక రోజు, రొట్టె వేడిగా ఉండగానే తినాలని చిన్న కోరిక పైకొచ్చింది. ఆ పూట అందరికంటే ముందు పెనం పక్కనే కూర్చుని తినేసింది. అత్త నోరు తెరుచుకుని చూసింది. మరో రోజు, అత్త మాట చివరిదాకా వినాలనుకుంది. హులిగెమ్మ సణుగుడు ఎప్పటిలాగే మోకాళ్ల నొప్పులతో మొదలైంది. ఎవరూ అడ్డు రాకపోయేసరికి అది ఎక్కడెక్కడో తిరిగి, చిన్నప్పుడు తాను గొర్రెల వెంట గుట్టలెక్కిన ముచ్చట్ల దగ్గర తేలింది. ఆ ముచ్చట్లు సుంకులమ్మ ఎన్నడూ విన్నవి కావు.

అలా కూర్చున్న ఒక ఉదయం, బండి తోలాలన్న కోరిక పుట్టింది. తనకే ఉలికిపాటు కలిగింది. ఇదెక్కడిది? పోతుందేమోనని కొన్నాళ్లు చూసింది. పోలేదు. కూర్చున్నప్పుడల్లా అదే ముందుకొచ్చింది. చివరికి బొజ్జన్నకు చెప్పింది.

"ఆడోళ్లు బండి తోలేది యాడన్నా చూసినావా?" గొంతు పెంచాడు బొజ్జన్న.

"లేదు. అందుకే చూడాలనుండాది."

అతను ఇంకేదో అనబోయి ఆగాడు. "నా ఖర్మ! ఎవురేం అడిగినా ఈ పొద్దు ముందే లేదనకూడదనుకుంటి" అన్నాడు. సుంకులమ్మ పగలబడి నవ్వింది. అతనూ నవ్వక తప్పలేదు.

హంద్రీ ఇసుకలో ఖాళీ బండితో నేర్పడం మొదలుపెట్టాడు. రోజూ మేత వేసే చేయి అని ఎద్దులు ఆమె వైపే తలలు తిప్పేవి. బండి తుమ్మ చెట్లలోకి పోయేది. నీళ్లకొచ్చిన ఈరక్క కడవ దించి మరీ చూసింది.

"ఏమప్పా బొజ్జన్నా, నువ్వు రొట్టెలు తట్టేది నేర్చుకుంటాండావా?"

బొజ్జన్న చెవులు ఎర్రబడ్డాయి. పళ్లు బిగబట్టి, "పగ్గం లూజుగా ఇడువు" అని పెళ్లానికే చెప్పాడు.

కోడుమూరు సంత రోజున బండి తోలింది సుంకులమ్మే. హులిగెమ్మ ఎక్కనంది. "ఊరంతా చూస్తారు. నేను రాను" అని లోపలికి పోయింది. బొజ్జన్న వెనక ఎక్కి కూర్చున్నాడు.

పుట్టినప్పటి నుంచి సుంకులమ్మ బండి ఎక్కితే వెనకే, కాళ్లు వేలాడేసుకుని కూర్చునేది. చెట్టైనా, గుట్టైనా దాటిపోయాకే కనిపించేది. ఇప్పుడు తోవ ఎదురొస్తోంది. ఆ మలుపు అవతల ఏముందో ముందుగా తనకే తెలుస్తోంది. మేకల మంద, ఒక ఎండిన వాగు, ఆ తర్వాత హారన్ కొడుతూ బస్సు.

ఎద్దులు బెదిరాయి. బండి పక్కకు ఒరిగింది. బొజ్జన్న పగ్గాలు లాక్కోబోయి, చేయి వెనక్కి తీసుకున్నాడు. సుంకులమ్మ పగ్గాలు వదల్లేదు. అరవలేదు. మేత వేసేటప్పుడు పలకరించే గొంతుతోనే, "ఏం లేదు నాయనా, ఏం లేదు" అంది. ఎద్దులు చెవులు ఆడించి నిలబడ్డాయి. బస్సు దుమ్ము రేపుకుంటూ పోయింది. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. సుంకులమ్మకు సిగ్గు కలగలేదు. ఎందుకు కలగలేదా అని కాసేపు ఆలోచించి, ఎద్దుల్ని అదిలించింది.

పొద్దు గుంకే వేళకు ఇల్లు చేరారు. హులిగెమ్మ ముఖం తిప్పుకుని అన్నం పెట్టింది. మొదటి ముద్ద తినేదాకా ఓపిక పట్టి, ఆ తర్వాత అడిగింది.

"ఏమ్మే, ముందర కూర్చుంటే ఎద్దుల కొమ్ములు అడ్డం రావా, తోవ చూసేకి?"

"నువ్వే వచ్చి చూడు అత్తా."

"నేనా? బాగుండాది!"

మరునాడు తెల్లవారి సుంకులమ్మ బండి కట్టేసరికి ముసలామె మడత విప్పిన మంచి చీర కట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. కొడుకు ఎత్తి ముందు కూర్చోబెట్టాడు. కోడలి భుజం గట్టిగా పట్టుకుంది.

"ఊరి చివర దాకానేమ్మే" అని ఒప్పందం పెట్టింది.

ఊరి చివర వచ్చింది. సుంకులమ్మ పగ్గం బిగించింది. హులిగెమ్మ కళ్లు చికిలించి దూరాన ఎర్రటి గుట్టను చూసింది.

"దాని అవతల ఏముండాదో" అంది. "బండి పోనీ."