ఇవ్వని తలనీలాలు

హైదరాబాదు రాష్ట్రంలో పుట్టి పెరిగిన రాజురా, యాభై ఆరు నవంబరులో బొంబాయి రాష్ట్రానికి దత్తత పోయింది. ఊళ్ళో వ్యాపారులంతా తలలు పట్టుకున్నారు. కచేరీలో కాగితాలన్నీ మరాఠీలోకి మారిపోతాయట, మన గతి ఏంకావాలని ఒకటే గోల. ఈశ్వరయ్య మాత్రం గోల పెట్టలేదు. ఎడ్లబండ్ల మీద జనాన్ని కాళేశ్వరం తిప్పుకొచ్చే యాత్రల ఈశ్వరయ్యకు ఇందులో దారి కనబడింది. వార్ధా నది అవతలి చాందా ఆ ఇంట్లో మూడు తరాల వాళ్ళకు పరాయి ఇలాఖా. ఇప్పుడు అదీ ఇదీ ఒకే రాష్ట్రం కదా, అక్కడి మరాఠీ వాళ్ళను తిరుపతి తీసుకుపోతే తప్పేముంది? చాందా బజారులో ఒక గది తీసుకుని, మరాఠీలో బోర్డు రాయించి తగిలించాడు. బల్లార్షాలో రైలెక్కించడం, కొండ మీద సత్రంలో దింపడం ఆయన పని. వంట ఆయన భార్య కమలాక్షిది.

దేశానికో తీరు, ఊరికో ఆచారం అని ఊరికే అన్నారా! మొదటి యాత్రలోనే కమలాక్షి పులుసు కారానికి చాందా ఆడవాళ్ళు నోళ్ళు ఊదుకున్నారు. "పప్పుల బెల్లమేంది, నా తండ్రీ!" అని నెత్తి కొట్టుకుంటూనే ఆమె పప్పులో బెల్లం వెయ్యడం నేర్చింది. చపాతీలు పల్చగా ఒత్తడం నేర్చింది. వంటింట్లో వినీ వినీ మరాఠీ కూడా నేర్చింది. తిండి సంగతి ఎలాగో సర్దుకుపోయింది. సర్దుకోనిది ఇంకొకటి ఉంది.

ఆ మొదటి యాత్రకు ముందే ఈశ్వరయ్య కరపత్రం వేయించాడు. ఎవరికీ లేని తెలివి తనకే ఉందనుకుని, 'స్త్రీల తలనీలాలకు ప్రత్యేక ఏర్పాటు' అని అందులో పెద్దక్షరాలతో అచ్చు కొట్టించాడు. మర్నాడే చాందా బడిపంతులు అనంతరావు ఆ కాగితం పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు.

"శేఠ్‌జీ, మేం బతికుండగానే మా ఆడవాళ్ళను విధవలను చేస్తావా?" అన్నాడు మరాఠీలో.

వాళ్ళ ఇళ్ళల్లో ఆడదాని తల గొరిగించేది మొగుడు పోయినప్పుడేనట! ఆ సంగతి ఈశ్వరయ్యకు ఎవరు చెప్పారు? కరపత్రాలన్నీ పొయ్యిలో పెట్టి, చేతులు జోడించి, అనంతరావును ఎలాగో మళ్ళీ దారికి తెచ్చుకున్నాడు.

ఆ కాగితాలు కాలుతుంటే కమలాక్షి చెయ్యి జడ మీదికి పోయింది. అంతకు మూడేళ్ళ ముందు ఈశ్వరయ్యకు విషజ్వరం వచ్చింది. ఇరవయ్యొక్క రోజులు తెలివి లేదు. వైద్యుడు పెదవి విరిచిన రోజున ఆమె గోడకు తల ఆనించుకుని, "ఆపద మొక్కులవాడా, ఈ మనిషిని నాకు ఇడువు, నా తల నీకిస్త" అని మొక్కింది. మనిషి దక్కాడు. మొక్కు మిగిలిపోయింది.

నాలుగుసార్లు కొండెక్కింది. నాలుగుసార్లూ జడతోనే దిగింది.

"ఈసారన్న ఇచ్చొస్తనయ్యా," అని అడిగేది.

"నీకు దండం పెడ్తనే. గుండుతోని నువ్వు వడ్డిస్తే ఎవరు తింటరు? నేను సచ్చిపోయిన్ననుకుంటరు."

"మీరు సావొద్దనే గదా మొక్కింది!"

దానికి ఈశ్వరయ్య కండువా దులిపి భుజాన వేసుకునేవాడు. వచ్చేసారి చూద్దామనేవాడు. చెడ్డవాడు కాదు, పిరికివాడు. ఆమె మాత్రం ప్రతి శనివారం తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటూ, ఎవరి నగో ఎరువు తెచ్చి తిరిగివ్వకుండా పెట్టుకు తిరుగుతున్నట్టు కుంచించుకుపోయేది. కొండ మీద కల్యాణకట్ట వాకిట్లో నిలబడి, గుండ్లకు గంధం పూసుకుని నవ్వుకుంటూ బయటికి వచ్చే ఆడవాళ్ళను చూసేది. చూసిన కొద్దీ తన తల మీది బరువు పెరిగేది. అంత తేలిగ్గా ఒక్కసారి నడవాలని ఆమెకు ఎంత ఆశో ఎవరికి చెప్పుకోగలదు!

యాభై తొమ్మిదిలో అయిదో యాత్ర బయల్దేరింది. ఈసారి అనంతరావు తన మేనత్తను, ఊరంతా 'కాకూ', అంటే పిన్నీ, అని పిలిచే యమూకాకును కూడా తెచ్చాడు. పన్నెండో ఏట మొగుడు పోయిన బ్రాహ్మణ వితంతువు, డెబ్భై దాటిన మనిషి. వాళ్ళలో వితంతువులు కట్టే ఎర్ర చీర, ఆ కొంగు గుండు మీంచి జారనివ్వదు. పొయ్యి ఆమెదే, బిందె ఆమెదే. ఊహ తెలిసిన దగ్గర్నుంచి పరాయివాళ్ళ చేతి వంట ముట్టలేదట.

కొండ మీద రెండో రోజు ఉదయం కల్యాణకట్ట వాకిట్లో కమలాక్షి ఎప్పటిలాగే నిలబడి ఉంటే, యమూకాకు వచ్చి పక్కన నిలబడింది.

"ఎవరి కోసం చూస్తున్నావే పోరీ?"

అంతే! ఇన్నేళ్ళదీ ఒక్కసారి బయటపడింది. వచ్చిన మరాఠీలో, రాని చోట తెలుగులో, జ్వరం సంగతి, మొక్కు సంగతి అంతా చెప్పుకుంది. ముసలామె ఓపిగ్గా విన్నది.

"మొక్కు ఎవరిది?"

"నాదే కాకూ."

"మరి ఎవరిని అడుగుతున్నావు?"

కమలాక్షి కొంగు నడుముకు దోపుకుంది. లోపలికి నడిచింది.

మధ్యాహ్నం సత్రంలో విస్తళ్ళు వేశారు. గుండుకు గంధం, నుదుట రూపాయంత బొట్టు, చేతిలో అన్నం గిన్నెతో కమలాక్షి వచ్చింది. చాందా ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు విస్తళ్ళ ముందు నుంచి లేచి నిలబడ్డారు. ఒకామె మంగళసూత్రం గుప్పిట పట్టుకుని ముఖం తిప్పుకుంది. అనంతరావు ఈశ్వరయ్య వైపు చూశాడు. ఈశ్వరయ్య తల దించుకున్నాడు. కమలాక్షి మాత్రం గిన్నె దించలేదు.

వరండాలో తన పొయ్యి దగ్గర కూర్చున్న యమూకాకు, ఉడుకుతున్న అన్నం అలాగే వదిలేసి లేచి వచ్చింది. ఖాళీ అయిన ఒక విస్తరి ముందు కూర్చుంది.

"వడ్డించు," అన్నది.

"అత్తా!" అన్నాడు అనంతరావు.

"ఆకలేస్తున్నది. వడ్డించమంటున్నాను."

అప్పుడు ఈశ్వరయ్య కదిలాడు. భార్య పక్కకు వచ్చి నిలబడి, కళ్ళనీళ్ళతో, వచ్చీరాని మరాఠీలో అందరికీ వినబడేట్టు చెప్పాడు. "అది నా కోసం ఇచ్చింది. నా పానం కోసం మొక్కుకున్నది. యాత్రలు ఉంటె ఉంటయి, పోతె పోతయి." చివరి మాట తెలుగులోనే వచ్చేసింది.

కొందరు కూర్చున్నారు. ఇద్దరు మాత్రం ఆ పూట అరటిపళ్ళతో సరిపెట్టుకున్నారు. అనంతరావు విస్తరి వైపు చూసుకుంటూ నిదానంగా తిన్నాడు.

భోజనాలయ్యాక కమలాక్షి చెంబుతో నీళ్ళు పోస్తుంటే యమూకాకు చేతులు కడుక్కుంది. ఆ తడి చేతిని తీసుకొచ్చి కమలాక్షి గుండు మీద పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"మళ్ళీ మొలుస్తుంది కదూ?"

"మొలుస్తది కాకూ. ఏడాదికల్లా ముడి పడ్తది."

"నాకూ మొలిచేది," అన్నది ముసలామె. "పదిహేను రోజులకొకసారి మంగలి వచ్చేవాడు. ఎప్పుడన్నా వాడు రెండు రోజులు ఆలస్యం చేస్తే, ఎవరూ చూడకుండా కొంగు కింద చెయ్యి పెట్టి తడుముకునేదాన్ని."

దేవుడికి జుట్టు ఇచ్చినప్పుడు రాని ఏడుపు కమలాక్షికి అప్పుడు వచ్చింది.