కుందుర్పి పదును

అనంతపురంలోని శెనక్కాయ రైతుల సంఘానికి రోజూ పొద్దున్నే మండలాల నుంచి ఫోను లైన్ల మీద వాన లెక్కలు వచ్చేవి. వాటిని సరిచూసి, ఏ ఊళ్ళో నేల తడిసి విత్తడానికి పదునుందో కంప్యూటర్ అచ్చు తీసేది. ఆ పనికి ఉన్న ప్రోగ్రాములను ఆఫీసు ఉద్యోగి కేశవ ఒకదాని తర్వాత ఒకటి తానే నడిపేవాడు. 2003లో తొలకరికి ముందు, అవి వాటంతటవే నడిచే సాఫ్ట్‌వేర్ కొనాలని సంఘం అనుకుంది.

కేశవ బెంగళూరు కంపెనీది కావాలన్నాడు. ఆఫీసు పెద్ద హేమావతికి అనుమానం వచ్చింది. ఈ మధ్య అతను చెప్పకుండా బెంగళూరు పోయి వస్తున్నాడు. ఫోనొస్తే బయటికి పోయి మాట్లాడుతున్నాడు.

"గుంతకల్లు ఓబులేష్ రాసి చూపించిన సాఫ్ట్‌వేర్ గూడ ఉండాది గదప్పా. అదెందుకు వద్దు?"

"అది ఏ మండలం లెక్క రాకున్నా నిలబడిపోతాదక్కా. మనిషి పోయి చూడాల."

కంపెనీ మనిషి వచ్చి నడిపి చూపించాడు. తెర మీద మండలాల పేర్లన్నీ పచ్చగా వెలిగాయి. "ఇక మీరు చూడక్కర్లేదు మేడమ్" అన్నాడు.

ఆ మాటే ఆమెకు నచ్చలేదు. "కుందుర్పి లెక్క రాకముందే ఫోను తీగ పీకి, మళ్ళా నడపప్పా" అంది.

కేశవ పీకాడు. అయినా కుందుర్పి పచ్చగానే వెలిగింది. అక్కడ విత్తొచ్చని అచ్చు కూడా వచ్చింది. కొత్త లెక్క రాకపోయేసరికి అది నిన్నటి వాననే ఈరోజూ కురిసినట్టు కలిపేసుకుంది.

"దీన్ని నమ్మి విత్తితే గింజ మట్టిలోనే మాడిపోతాది" అని హేమావతి ఓబులేష్‌ది ఖాయం చేసింది.

కంపెనీ మనిషి వెళ్ళాక కేశవను అడిగేసింది. "వాళ్ళు నీకేమన్నా ఇస్తామన్నారా?"

కేశవ పీకిన తీగను మళ్ళీ తగిలించాడు. "మా ఇంటామె మల్లీశ్వరిని బెంగళూరు ఆస్పత్రిలో చూపిస్తాండా. పొద్దున్నే ఈడ కూచునే పని లేకుంటే పోయి రావచ్చని ఆశపడినా. తీగ పీకి చూడాలని నాకు తోచలేదు."

"ముందే చెప్పొచ్చు గదా."

"నువ్వు అడగలేదు. అనుమానపడినావు."

మరుసటి వారం నుంచి పొద్దుటి పని హేమావతే నేర్చుకుని చూసుకుంది. కేశవ అవసరానికి మించి ఒక్క మాటా మాట్లాడకుండా నేర్పాడు. అతను బస్సెక్కిన మొదటి రోజు, నిజంగానే అక్కడికి వచ్చాడా అని ఆస్పత్రికి ఫోను చేసి విచారిద్దామా అనుకుంటూ ఉంటే హేమావతి చెయ్యి రిసీవర్ దాకా పోయింది. సిగ్గేసి వెనక్కి తీసుకుంది.

చలికాలంలో మల్లీశ్వరి ఆఫీసుకు వచ్చింది. బాగా చిక్కిపోయింది.

"పొద్దున్నే మీరు ఈడ కూచున్నందుకే ఈయప్ప నా దగ్గరుండినాడక్కా" అంది.

హేమావతి ఆమెకు కుర్చీ వేసింది. కేశవ వైపు మాత్రం చూడలేకపోయింది.