ఆరని పూత

నేను ఒక తాటాకు చాపను. నా మీద ఎవరూ పడుకోలేదు, చుట్టాలనెవరినీ కూర్చోబెట్టలేదు. కోనసీమలో కొబ్బరి దింపు తీసే గంగరాజు ఇంట్లో నన్ను మామిడి తాండ్ర కోసమే అల్లించారు. అల్లిన ముసలమ్మ సందు లేకుండా బిగించింది గానీ, నన్ను చూసి ఒక్క మంచిమాటైనా అనకుండా వెళ్ళిపోయింది. మనుషులంతే.

వేసవి రాగానే గంగరాజు పెళ్ళాం వీరవేణి నన్ను ఎండలో పరిచి, బెల్లం కలిపిన మామిడిరసం పూతగా పోసేది. ఒక పూత వేలికంటకుండా ఆరాకే మరో పూత. నెల తిరిగేసరికి తాండ్ర వేలెడు మందం అయ్యేది. దాన్ని ముక్కలు కోసి డబ్బాలో పెట్టి, నన్ను చుట్టి, రెంటినీ అటకెక్కించేది. చలి పడ్డాకే మూత తీసేవారు. పుష్యమాసంలో చెట్టెక్కడానికి బయల్దేరే ముందు గంగరాజు ఒక ముక్క బుగ్గన పెట్టుకునేవాడు. దానికోసమే చలికాలం వస్తుందన్నంత సంబరం అతనికి.

ఒక వేసవిలో అతని ఊపిరితిత్తులు పాడయ్యాయి. రెండు నెలలు కూడా కష్టమన్నాడట డాక్టరు. వీరవేణి ఆ మాట మొగుడికి చెప్పలేదు. ఎండలో వంగి రసం పోస్తూ, ఏడుస్తూ, నాతో చెప్పుకుంది. పొద్దునొక పూత, సాయంత్రమొక పూత. కిందిది ఇంకా తడిగానే ఉందని నాకు తెలుసు. నోరుంటే ఆగమనేవాణ్ణి. పదిరోజులకే కోసి, ముక్క అతని నోటికందించింది.

"ఇప్పుడేటే? చలి పడనీ," అన్నాడు గంగరాజు.

"ఒక్క ముక్కే మావా."

"ఎప్పుడూ లేంది ఈ ఏడేటి? డబ్బాలో పెట్టు."

ఇంకా బతిమాలితే అనుమానమొస్తుందని ఆమె మూత పెట్టేసింది.

డాక్టరు లెక్క తప్పింది. గంగరాజు ఎముకలగూడై కూడా దసరా దాటాడు, దీపావళి దాటాడు. పుష్యంలో ఒక పొద్దున దుప్పట్లోంచే తాండ్ర అడిగాడు. వీరవేణి పరుగున డబ్బా దించింది. ముక్క విరిస్తే పొరల మధ్యంతా బూజు. ఇంకోటి విరిచింది. అన్నీ అంతే.

అతను ఒక ముక్క అందుకుని పొరలు విప్పి చూశాడు. ఇన్నేళ్ళలో ఆమె చేసిన తాండ్ర ఎన్నడూ బూజు పట్టలేదు.

"ఆరకుండానే పోసేసేవా? చలిదాకా నేనుండనని డాక్టరు నీకు ముందే చెప్పేసేడన్నమాట."

వీరవేణి నేలమీద కూలబడి ఏడ్చింది. నాకు గుండె లేదు గానీ, ఉంటే పగిలేది. గంగరాజు తిట్టలేదు. ఆమె తలమీద చెయ్యి వేశాడు.

"వచ్చే ఏడు నిదానంగా పోద్దువుగాని. బాగా ఆరనియ్యి."

మాఘంలో పోయాడు.

ఈ వేసవిలో ఎండలు మండిపోతున్నాయి. ఎంత పూతైనా ఒక్కరోజులో ఆరిపోతుంది. అటక మీంచి నన్నెవరూ దించలేదు.