మీటరు పచ్చగానే ఉంది

స్టూడియోలో అందరూ ఆయన్ని పాముచెవులాయన అనేవాళ్లు. వీడియో ఎవరు తీసినా, చివర్లో సౌండు సరిచేసేది ఆయనే. ఆ స్టూడియో ఆయనా, తమ్ముడూ కలిసి పెట్టుకున్నది. కెమెరాలూ బేరాలూ తమ్ముడివి, ఎడిటింగ్ గది ఆయనది.

యాభై దాటాక చెవులు మోసం చెయ్యడం మొదలుపెట్టాయి. సన్నగా, కీచుగా ఉండే శబ్దాలు ముందు పోయాయి. ఆ సంగతి ఆయనకి తెలుస్తూనే ఉంది, పెళ్లాంతో కూడా అనలేదు. కంప్యూటర్లో మొత్తం సౌండు ఎంత వస్తోందో చూపించే మాస్టర్ మీటరుంటుంది. పచ్చగా ఉంటే ఫరవాలేదు, ఎర్రబడితే సౌండు పగిలిపోతోందని అర్థం. ఆయన చెవుల్ని వదిలేసి ఆ మీటర్ని నమ్ముకున్నాడు.

"అన్నయ్యా, ఓసారి చెవుల డాక్టరుకి చూపించుకోరాదూ?" అన్నాడు తమ్ముడు ఒకరోజు.

"నా చెవులకేం, నిక్షేపంలా ఉన్నాయి. ముందు నీ బుర్ర చూపించుకో" అని పనివాళ్లందరి ముందూ కసిరాడు. తమ్ముడు మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కొన్నాళ్లకి ఒకావిడ వచ్చింది. పాటలు నేర్పే టీచరుగారి కూతురు. తల్లి ఈమధ్యే పోయింది, సంస్మరణ సభలో వేయడానికి వీడియో కావాలి. ఆఖర్న ఆసుపత్రి మంచం మీద తల్లి పాడిన పాటని ఆవిడ ఫోనులో తీసుకుంది.

"గొంతు బాగా పీలగా ఉందండీ. అయినా ఆ ఒక్క పాటా అందరికీ వినపడాలి" అంది.

"నాకొదిలెయ్యమ్మా" అన్నాడాయన.

ఆ గొంతు ఒక్కదాన్నే విడదీసి పెంచాల్సింది. ఆయన మొత్తం సౌండునే పైకి లాగేశాడు. గొంతుతోపాటు మంచం పక్కనున్న యంత్రం కూత కూడా సూదిలా పైకి లేచింది. అది ఆయనకి వినపడలేదు. మీటరు చూశాడు, పచ్చగానే ఉంది. ఎప్పటిలాగే, ఓసారి విని పంపమని తమ్ముడికిచ్చాడు.

సభలో పాట మొదలవగానే ముందు వరసలో వాళ్లు తలలు వంచుకున్నారు. కొందరు చేతులు చెంపలకి ఆనించుకున్నారు. ఏడుస్తున్నారనుకుని ఆయనకీ కళ్లు చెమర్చాయి. ఇంతలో కూతురు లేచి, "ఆపండి! దయచేసి ఆపెయ్యండి!" అని అరిచింది. పాట సగంలో ఆగింది. అప్పుడు గానీ అవి చెవులు మూసుకున్న చేతులని ఆయనకి తట్టలేదు.

"మా అమ్మ పాట మీద ఆ కూతేంటండీ? మీకు వినపడలేదా?" అంది ఆవిడ దగ్గరికొచ్చి.

ఆయన తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు నేల చూస్తున్నాడు.

బయట వ్యాను దగ్గర అడిగాడు. "నువ్వు విన్నావా, లేదా?"

"విన్నాను."

"మరి నాతో చెప్పలేదేం?"

"చెప్తే ఒప్పుకునేవాడివా? నలుగురి ముందు నీ పరువు పోతే గానీ నువ్వు వినవన్నయ్యా."

"నా పరువు సరే. ఆ పిల్ల తల్లి పాటరా అది!"

తమ్ముడు వ్యాను తలుపు తీశాడు. కూత తీసేసి పాటని మళ్లీ పంపించారు. ఆవిడ దగ్గర్నించి మాటా పలుకూ లేదు.

ఆ వారమే సౌండు పని తమ్ముడి గదిలోకి మారింది. "వీడియోలు నువ్వు కత్తిరించు, చాలు" అన్నాడు తమ్ముడు. ఆఖరికి ఆయన చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తే, చెవిలో పెట్టుకునే మిషనిచ్చాడు. దాన్ని పెట్టుకుని వచ్చిన మొదటిరోజే గోడ అవతల తమ్ముడు ఎవరితోనో ఫోనులో అంటున్నది స్పష్టంగా వినపడింది. "అబ్బే, సౌండులో అన్నయ్య చెయ్యి పెట్టరండీ. ఊరికే వచ్చి కూచుంటారంతే."

ఆయన లేచి ఆ గది గుమ్మం దాకా వెళ్లాడు. అక్కణ్నించి వెనక్కొచ్చేశాడు. మిషను తీసి సొరుగులో పడేసి, ఎవరిదో పుట్టినరోజు వీడియో తెరిచి, మాట్లాడేవాళ్ల పెదాలు చూసుకుంటూ కోతలు పెట్టడం మొదలుపెట్టాడు.