ఒక్క చలికాలపు పైపు

మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకి కొండదారి దిగుతుండగా వ్యాను హీటరు పైపు పగిలింది. ముందు తియ్యటి వాసన వచ్చింది. తర్వాత అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టింది. డ్రైవరు బండిని పక్కకి తీసి ఆపి, సీటు కింద మూత ఎత్తి చూశాడు. ఇంజను నుంచి హీటరుకి వేడినీళ్ళు తీసుకెళ్ళే పైపు బెత్తెడు పొడవున చీలిపోయింది.

అలాంటప్పుడు డ్రైవర్లు చేసే పని ఒకటుంది. హీటరు దాకా వెళ్ళాల్సిన నీళ్ళని ఇంజను దగ్గరే వెనక్కి తిప్పేస్తారు. నీళ్ళు బయటికొచ్చే మూతికీ లోపలికి పోయే మూతికీ మధ్య ఒక ముక్క బిగిస్తే చాలు, బండి నడుస్తుంది. హీటరు మాత్రం ఉండదు. అందుకోసమే టూల్ పెట్టెలో మూరెడు పైపు ముక్క పడేసి ఉంచుకుంటారు. ఇతని దగ్గరున్నది ఏ బండిలోంచి వచ్చిందో ఇతనికే గుర్తు లేదు. దాన్ని బిగించి, డబ్బాలో ఉన్న నీళ్ళు పోశాడు. ఇరవై నిమిషాలు పట్టింది.

బయట మైనస్ నాలుగు. ఇంకా రెండు గంటల ప్రయాణం. ఆ రెండు గంటలూ వెనక సీట్లో బావ వణికాడు.

బావంటే డ్రైవరు అక్క మొగుడు. కిడ్నీలు రెండూ చేతులెత్తేసి పద్నాలుగు నెలలైంది. మంగళ, గురు, శనివారాలు కొండ అవతల ఆసుపత్రికి వెళ్ళి నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకోవాలి. రక్తమంతా మిషన్లో తిరిగొచ్చాక ఒళ్ళు చల్లబడిపోతుంది. ఆ రోజు ఇంజను మోతలో కూడా ఆయన పళ్ళు కొట్టుకోవడం డ్రైవరుకి వినిపించింది.

ఇంటికొచ్చాక అక్క నాలుగు సీసాల్లో వేడినీళ్ళు పోసి దుప్పట్ల మధ్య పెట్టింది. బావకి వణుకు తగ్గడానికి గంట పట్టింది.

"గురువారం నేను రాను" అన్నాడు తర్వాత.

"రేపటికల్లా హీటరు బాగు చేయిస్తా బావా."

"చేయిస్తే వస్తా. లేకపోతే రాను. చావాలంటే ఇంట్లో వెచ్చగా చస్తా. కొండ మీద ఐసు ముక్కలా చావడం నా వల్ల కాదు."

"ఏం మాటలవి" అంది అక్క.

"నన్నంటావేం. నీ తమ్ముడి బండినను."

ఆసుపత్రి వాళ్ళకీ ఒక బండి ఉంది. దాని జాబితాలో బావ ముప్ఫై ఒకటోవాడు. వేసవిలో కూడా ముప్ఫై ఒకటోవాడే. మిగతా డ్రైవర్లు మంచు పడ్డాక కొండ ఎక్కరు. డ్రైవరు ఆ రాత్రే నలుగురికి ఫోను చేశాడు. ముగ్గురు ఎక్కం అన్నారు, ఒకడు ఫోనెత్తలేదు.

బుధవారం పొద్దున పాత పైపు విప్పబోతే రాలేదు. రెండు కొసలూ మూతులకి అతుక్కుపోయాయి. చాకుతో నిలువునా చీల్చి, ముక్కలు ముక్కలుగా పీకాడు. మధ్యలోంచి జానెడు ముక్క కోసి కోటు జేబులో పెట్టుకున్నాడు. ముక్క చూపించి ముక్క తెచ్చుకోవడం అతని అలవాటు. బళ్ళ సామాన్లు అమ్మే వీధిలో అందరి అలవాటూ అదే.

కంపెనీ విడిభాగాల దుకాణంలో కౌంటరు వెనకున్న మనిషి ముక్కని తాకలేదు. బండి మోడలు అడిగి, కంప్యూటర్లో చూసి, నవ్వాడు.

"ఈ నంబరు ఆపేసి తొమ్మిదేళ్ళు. బండి నీదా, మీ తాతదా?"

"మా బావ కొన్నది."

"ఆయనున్నాడా?"

"ఉన్నాడు."

"మరి ఆయన్నే అడగరాదూ. నన్నడుగుతావేం."

అక్కణ్ణుంచి పాత బళ్ళు విప్పే షెడ్డుకి వెళ్ళాడు. అదే రకం వ్యాను ఒకటి చక్రాల్లేకుండా ఇటుకల మీద కూర్చుని ఉంది. పైపులు రెండూ వాటి వంపులతో సహా ఉన్నాయి. డ్రైవరు మోకాళ్ళ మీద కూర్చుని, అరగంట తంటాలు పడి ఒకటి ఊడదీశాడు. వెలుతురులోకి తెచ్చి కొంచెం వంచాడు. పైన గీతలు కనిపించాయి. ఇంకొంచెం వంచాడు. రెండు ముక్కలైంది.

"అది ఉన్నచోట ఉన్నంతసేపే పైపు" అన్నాడు షెడ్డు మనిషి, టీ తాగుతూ. "రెండోది కూడా విరుస్తావా, వదిలేస్తావా?"

వదిలేశాడు.

రబ్బరు పైపుల దుకాణం వీధి చివర ఉంది. మూడు గోడలకీ పైపు చుట్టలు మేకులకి వేలాడుతున్నాయి. దుకాణదారు కళ్ళజోడుకి ఒక పక్క కాడ లేదు, దారం కట్టి చెవికి తగిలించుకున్నాడు. డ్రైవరు ఇచ్చిన ముక్క లోపలి కొలత తీశాడు.

"పంతొమ్మిది మిల్లీమీటర్లు" అన్నాడు. "బండి మీద మూతి కొలిచావా?"

"ముక్క ఉందిగా."

"ముక్కదేముంది. మూతి ఎంతో?"

"ఇది ఆ మూతి మీదే ఇరవై ఏడేళ్ళు ఉంది. దానికి పట్టిందంటే సరిపోయినట్టేగా."

దుకాణదారు కొలబద్ద పక్కన పెట్టాడు. అతనికి అమ్మడమే పని. గోడ మీంచి ఒక చుట్ట దించాడు. వేడినీళ్ళ పైపు, రెండు పొరల మధ్య నూలు అల్లిక. "ఇది పదేళ్ళు ఆగేది" అన్నాడు. "వంపులు ఉండవు, తిన్నగా ఉంటుంది. మలుపు దగ్గర మడత పడకుండా లోపల స్ప్రింగు పెట్టుకో." డ్రైవరు మూడు మీటర్లు కోయించుకుని, నాలుగు స్ప్రింగులు తీసుకుని ఇంటికొచ్చాడు.

పైపు హీటరు మూతి మీద వదులుగా తిరిగింది. ఇంజను మూతి మీద కూడా అంతే. క్లిప్పుని చివరి మర దాకా బిగించి చూశాడు. పైపు ఒకచోట ముడుచుకుని పక్కన సందు వదిలింది. నీళ్ళు పోస్తే ఆ సందులోంచి కారాయి. ఇంకోసారి బిగించాడు. క్లిప్పు తెగింది.

కిటికీలోంచి చూస్తున్న బావ చేతికర్ర పట్టుకుని బయటికొచ్చాడు. వెనకే అక్క స్టూలూ దుప్పటీ పట్టుకొచ్చింది. బావ ముప్ఫై ఏళ్ళు మెకానిక్కుగా చేసిన మనిషి. ఈ వ్యానుకి ఇప్పుడున్న ఇంజను బిగించింది ఆయనే. చేతులు వణకడం మొదలయ్యాక బండి బామ్మర్దికి ఇచ్చేశాడు.

"ఆ పాత ముక్క ఇలా తే."

డ్రైవరు ఇచ్చాడు. బావ బొటనవేలు లోపల పెట్టి తిప్పాడు. నొక్కాడు. మెత్తగా దిగింది. బయటికి తీసిన వేలిని చూసుకుని, వాసన చూశాడు.

"ఎంత అన్నాడు కొట్టువాడు?"

"పంతొమ్మిది."

"మూతి పదహారు. కళ్ళు మూసుకుని చెప్తా. వాపు చూసి బలుపనుకున్నావురా బామ్మర్దీ. నా కాళ్ళు చూసి మీ అక్క కూడా మొదట్లో అలాగే అనుకుంది, ఒళ్ళు చేస్తున్నానని."

"అన్నం బాగా తింటున్నారనుకున్నా" అంది అక్క.

"రబ్బరు దానంతటది ఉబ్బదు" అన్నాడు బావ. "నూనె తాగితే ఉబ్బుతుంది. నీళ్ళ పైపులోకి నూనె ఎక్కడిది? ఆ రేడియేటరు మూత తియ్యి."

డ్రైవరు తీశాడు. నీళ్ళ మీద గోధుమరంగు మీగడ కట్టి ఉంది. నిన్న కొండ మీద మంచినీళ్ళు పోసినప్పుడు అతను మూత దగ్గర చూశాడు గానీ, తుప్పు అనుకున్నాడు. ఆ మాట ఇప్పుడు చెప్పలేదు.

"లోపల నూనెనీ నీళ్ళనీ కలవనివ్వని గ్యాస్కెట్ పోయింది" అన్నాడు బావ. "ఇంజనాయిలు నీళ్ళలోకి వస్తోంది. ఇవాళ అటునుంచి ఇటు, రేపు ఇటునుంచి అటు. నీళ్ళు ఆయిల్లోకి దిగిన రోజున ఇంజను పట్టేస్తుంది. దానికీ నాకూ ఒకటే జబ్బు. కాకపోతే నన్ను రోజుకి మూడు గ్లాసుల నీళ్ళే తాగనిస్తారు, దానికి ఏడు లీటర్లు."

"ఇంజను హెడ్డు విప్పి కొత్తది వేస్తే?"

"విప్పు. గ్యాస్కెట్ దొరకదు, చేత్తో కోయాలి. ఈ ఇంజనుకి కోసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ చేతులతో ఇప్పుడు టీ గ్లాసు పట్టుకోలేను. ఇంకొకడు నేర్చుకుని కోసి బిగించేసరికి మూడు వారాలు. నాకు మూడు రోజులు దాటితే ఊపిరాడదు." దుప్పటి భుజం మీదికి లాక్కున్నాడు. "బండి ఆపితే నేను పోతా. ఆపకపోతే అది పోతుంది. తర్వాత నేను."

అక్క స్టూలు పక్కన నిలబడి పాత ముక్కని చేతిలోకి తీసుకుంది. వేలు పెట్టి చూసి, కొంగుకి తుడుచుకుంది.

"అలాగని ఊరుకుంటామా" అంది.

"ఎవరు ఊరుకోమన్నారు? ఒరే, కొట్టుకెళ్ళి పదహారుది తే. ఈ పదేళ్ళది వాడి మొహాన కొట్టు. దీనికి నూనె పడదు, వారంలో ఉబ్బుతుంది. ఆయిలు పైపు అడుగు. నూనెకి ఆగేది."

"దానికి వేడినీళ్ళు పడవుగా బావా. గట్టిపడిపోదూ?"

"గట్టిపడుతుంది. ఒక్క చలికాలం ఆగుతుంది."

"ఒక్క చలికాలమేనా?"

"ఎంత కావాలో అంతే అడుగుతున్నా" అన్నాడు బావ. కర్ర మీద బరువు వేసి లేచాడు.

దుకాణదారు పదేళ్ళ పైపు వెనక్కి తీసుకోనన్నాడు. కోసిన ముక్క తిరిగి చుట్టకి అతకదన్నాడు. ఆయిలు పైపు మాత్రం దించాడు. ఈసారి డ్రైవరు మూతి కొలత కాగితం మీద రాసుకొచ్చాడు. కొట్టువాడు కాగితం చదివి, కళ్ళజోడు దారం సర్దుకున్నాడు.

"వేడినీళ్ళకా? నేను చెప్పాలి కాబట్టి చెప్తున్నా. వచ్చే ఏడు మళ్ళీ రావాలి నువ్వు."

"తెలుసు."

"పదహార్లో పదేళ్ళది కూడా ఉంది. చూస్తావా?"

డ్రైవరు చూశాడు. చుట్ట పట్టుకుని, చివర నొక్కి, కొత్త రబ్బరు వాసన చూశాడు. పక్కన వేరే మనిషి తన వంతు కోసం నిలబడి ఉన్నాడు. డ్రైవరు చాలాసేపు ఆ చుట్ట వదల్లేదు.

"ఏదో ఒకటి చెప్పు నాయనా" అన్నాడు దుకాణదారు.

"ఆయిలుదే ఇవ్వు. మూడు మీటర్లు. కాదు, ఆరు."

"బండికి మూడేగా కావాల్సింది?"

"మిగతా మూడు వచ్చే ఏటికి."

దుకాణదారు కత్తి ఆపాడు. "ఇది వాడినా గట్టిపడుతుంది, వాడకుండా మేకుకి తగిలించినా గట్టిపడుతుంది. దాచుకునే సరుకు కాదు."

"కొయ్యి."

సాయంత్రం అయిదింటికి పైపులు బిగిశాయి. ఇంజను స్టార్టు చేసి పది నిమిషాలు ఆగాక హీటరులోంచి వేడి గాలి వచ్చింది. బావ అరచెయ్యి దాని ముందు పెట్టి, రెండో చెయ్యి కూడా పెట్టాడు. సీటు వెనక చుట్టి ఉన్న మూడు మీటర్ల పైపు ఆయన కళ్ళబడింది. అదెందుకని అడగలేదు.

"వంటింట్లో కాడ పొడుగు చెంచా ఉంటుంది, తెచ్చుకో" అన్నాడు. "ఆసుపత్రికెళ్ళాక ఇంజను చల్లారనిచ్చి, మూత తీసి, పైన తేలిన మీగడ తోడెయ్యి. ఎన్ని చెంచాలొచ్చిందో నాకు చెప్పు. రెండున్నంతకాలం ఫరవాలేదు."

"పెరిగితే?"

"పెరిగిన రోజు కూడా చెప్పు."

"ఆ చెంచా ఇంక నా వంటింట్లోకి రానివ్వను" అంది అక్క. తెచ్చి ఇచ్చింది.

గురువారం బావ వచ్చాడు. కొండ మీద బయట మైనస్ ఏడు. అద్దం మీద ఆవిరి లేదు. సగం దారిలో బావ తలకి పెట్టుకున్న ఉన్ని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, ఒక మలుపు తర్వాత నిద్రపోయాడు. ఆయన మిషను మీద ఉండగా డ్రైవరు ఆసుపత్రి వెనక మూత తీసి తోడాడు. రెండు చెంచాలు. చిన్న పాత పెయింటు డబ్బాలో పోశాడు. బావ బయటికి రాగానే చెప్పాడు. బావ తలూపాడు.

శనివారం రెండున్నర చెంచాలు. "రెండు" అని చెప్పాడు. అర చెంచాకి ఏముందిలే అనుకున్నాడు.

"నర్సు ఏమంది?" అని తనూ అడిగాడు.

"ఏమంటుంది. బాగుందంది."

అయితే నర్సు అప్పటికే డ్రైవరుని కారిడార్లో ఆపి మాట్లాడింది. బావ చేతి నరం పూడుకుపోతోందని, మిషను సూది పెట్టడానికి ఇంకోచోటు వెతకాలని, అది కూడా ఎన్నాళ్ళు ఆగుతుందో చెప్పలేమని. ఇంట్లో చెప్పావా అని అడిగిందట బావని. చెప్పానన్నాడట.

మంగళవారం డ్రైవరు మూత తీసేసరికి మీగడ మూతకి కూడా అంటుకుని ఉంది. తోడాడు. ఐదు చెంచాలు. ఆగి, నీళ్ళు కదిలి మళ్ళీ తేరుకునే దాకా చూశాడు. ఆరు. తర్వాత ఇంజనాయిలు మట్టం చూసే పుల్ల లాగి చూశాడు. దాని చివర కూడా అదే రంగు ఉంది, పాలు కలిపిన టీ రంగు. పుల్లని గుడ్డతో తుడిచి మళ్ళీ ముంచి తీశాడు. రంగు మారలేదు. డబ్బా నిండింది. మూత గట్టిగా పెట్టి, సీటు కిందికి తోశాడు. చేతులు మంచుతో రుద్దుకున్నాడు.

మూడింటికి బావ బయటికొచ్చాడు. ఎడమ చేతి కట్టు ఎప్పుడూ ఉండేచోట లేదు, మోచేతికి పైన ఉంది. చొక్కా చెయ్యి దాని మీదికి లాక్కున్నాడు. డ్రైవరు తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎన్ని?" అన్నాడు బావ.

"రెండు."

బావ మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. సీటు కిందినుంచి డబ్బా అంచు బయటికి కనిపిస్తోంది, మూత పక్కనుంచి గోధుమరంగు చుక్క ఒకటి కారి గడ్డకట్టింది. ఆయన దాని వైపు చూశాడు. తర్వాత లోపలికెక్కి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, హీటరు వైపు కాళ్ళు చాపుకున్నాడు.

"తలుపెయ్యి" అన్నాడు. "వేడి పోతోంది."