కుడి గట్టు

మా అమ్మ వరదలో పోయింది. ఆ వరద దానంతటది రాలేదు. ఆసామి మనుషులు పట్టపగలు గట్టు తెంపిస్తుంటే క్వారీ మీంచి నేను కళ్లారా చూశాను.

ఏటికి ఎడమ పక్కంతా ఆసామి చెరుకు. కుడి పక్క పల్లంలో రాళ్లు కొట్టుకు బతికే మా గుడిసెలు. పైన గుట్ట మీద మేకల కాపరులు. చెరుకు మునగకూడదని ఆసామి కుడి గట్టుకు గండి కొట్టించాడు. పలుగులు పట్టింది మాత్రం గుట్టవాళ్లు.

మావాళ్లు సుత్తులు పట్టుకుని లేచారు.

"గుట్ట మీద ఒక్కడూ మిగలకూడదు," అన్నాడు అన్నయ్య.

వదిన అడ్డం నిలబడింది. "వాళ్లని చంపితే నవ్వేదెవడు? సుత్తులు కింద పెట్టండి. అత్తయ్యను గుట్టెక్కిద్దాం."

బురద కడగని శవాన్ని మేకల దొడ్డి ముందు దించాం. వాళ్ల పెద్ద, గడ్డం తాత, తలెత్తలేదు.

"వీపుకి తుపాకీ ఆనించి తవ్వించారమ్మా."

"మీ వీపుకి తుపాకీ, మా నోట్లో బురద. రెండూ పంపింది ఒక్కడే కదా తాతా," అంది వదిన.

తాత తన దుప్పటి తీసి అమ్మకు కప్పాడు.

గండి పూడ్చిన కొన్నాళ్లకే మళ్లీ ముసురు పట్టింది. ఏరు గట్టు అంచుకొచ్చింది. ఆసామి మేస్త్రీ తుపాకులు పట్టిన మనుషులతో వచ్చేసరికి కుడి గట్టు మీద మేమూ గుట్టవాళ్లూ ఒకరినొకరు ఆనుకుని నిలబడి ఉన్నాం.

"ముసలోడా, పలుగు పట్టు."

"పట్టను."

మేస్త్రీ కాల్చాడు. తాత నా కాళ్ల మీద పడ్డాడు. ఆ నెత్తురు చల్లారకముందే జనం వాళ్ల మీద పడ్డారు. అన్నయ్య సుత్తి మేస్త్రీ మోచెయ్యి విరిచింది. గుట్ట ఆడవాళ్ల కర్రలు వాడి తల పగలగొట్టాయి. వాడు ఏట్లో పడ్డాడు, మళ్లీ తేలలేదు. మిగతావాళ్లు తుపాకులు పారేసి పరిగెత్తారు.

"ఇక చాలు, ఇళ్లకు పోదాం," అన్నారెవరో.

"మనం పోతే నీళ్లు కూడా పోతాయా?" వదిన పలుగందుకుని వంతెన దాటింది. ఆమె వెనకే అందరం దాటాం. ఎడమ గట్టు తెగింది. ఆసామి చెరుకు ఒరిగి, విరిగి, నీళ్లకింద పడుకుంది.

అమ్మ పోయినప్పుడు రాని పోలీసులు చెరుకు మునగ్గానే వచ్చారు. దొరికినవాళ్లను దొరికినట్టు కొట్టారు. వదిన పళ్లు రాలగొట్టి వ్యానులో పడేశారు.

వ్యాను వంతెన దగ్గరికొచ్చేసరికి పల్లమూ గుట్టా వంతెనకు అడ్డంగా కూర్చుని ఉన్నాయి.

"లేవండి. లేకపోతే తొక్కించుకుంటూ పోతాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

తాత కూతురు కదల్లేదు. "పోండి సారూ. తర్వాత ఈ శవాలు ఎత్తడానికి ఎవర్ని పిలుస్తారు? ఈ చుట్టుపక్కల ఆ పనులు చేసేది మేమే."

ఇంజను రొదపెట్టింది. ఎవరూ లేవలేదు.

వ్యానులోంచి వదిన నెత్తురు ఉమ్మి, "ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చోండి," అంది.

జరిగాం.