గవరయ్య తుడిచిన బ్రేకు

నేను ఒక బ్రేకుని. కొండదారుల్లో తొక్కే సైకిలుకి ముందు చక్రం బ్రేకుని. ఆ ఉదయం కూడా తలకిందులుగా ఉన్నాను. గవరయ్య సైకిలుని సీటు మీదా హ్యాండిలు మీదా బోర్లించి, కుడిచేత్తో చువ్వ చువ్వా తుడుస్తున్నాడు. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి ఎడమచెయ్యి ఆయన మాట వినదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని, చక్రం తిప్పుతూ, చెయిను మీద నూనె చుక్కలు వేస్తూ, చంటిబిడ్డకి నీళ్లు పోస్తున్నంత శ్రద్ధగా చేస్తాడు.

"నా గిన్నెలు కూడా ఓపాలి అలా తోమితే పున్నెముంటాది," అంది వాకిలి ఊడుస్తున్న ఆయన భార్య సన్నాసమ్మ.

"నీ గిన్నెలు ఘాటీరోడ్డు దిగుతాయేటే?" అన్నాడు గవరయ్య.

ఆయన నన్ను అలా తిరగేసిన ప్రతిసారీ నా బలం పోతుందని ఆయనకి తెలియదు. చెప్పడానికి నాకు నోరు లేదు. కీచుమనడం ఒక్కటే వచ్చు, అది కూడా వానాకాలంలోనే.

నా ఒళ్లు ఎలా ఉంటుందో చెబితే మీకు సంగతి అర్థమవుతుంది. మామూలు సైకిలు బ్రేకుకి తీగ ఉంటుంది. నాకు లేదు. హ్యాండిలు దగ్గర ఒక మీట, దాన్ని అంటుకుని చిన్న నూనె గిన్నె, అక్కణ్నుంచి చక్రం దాకా సన్నటి నల్ల గొట్టం. గొట్టం నిండా నూనె. మీట నొక్కితే నూనె కిందికి తోసుకెళ్తుంది, కింద రెండు బిళ్లలు చక్రానికున్న ఉక్కు పళ్లేన్ని పట్టుకుంటాయి. నూనె ఎంత నొక్కినా అణగదు, అదే నా బలం. గాలి అణుగుతుంది. గిన్నెలో కాస్త గాలి ఉన్నా ఫరవాలేదు, అది పైనే తేలుతూ ఉంటుంది. కానీ సైకిలుని బోర్లిస్తే గిన్నె అడుక్కి పోతుంది, గొట్టం పైకొస్తుంది. ఆ గాలి గొట్టంలోకి ఎక్కి కూర్చుంటుంది. ఆపైన నన్ను ఎంత నొక్కినా దూదిదిండుని నొక్కినట్టే.

పుట్టినప్పుడు ఇలా లేను. సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో, ఒక్క బుడగైనా లేకుండా యంత్రం నాలో నూనె నింపింది. విశాఖపట్నంలో ఒక కంపెనీ ఉద్యోగి మా సైకిలుని కొన్నాడు. హెల్మెట్టూ, చేతితొడుగులూ, నల్లకళ్లద్దాలూ కూడా కొన్నాడు. బీచిరోడ్డు మీద కొన్ని ఆదివారాలు తొక్కి, ఫొటోలు తీయించుకుని, బాల్కనీలో పెట్టాడు. వాళ్లావిడ మా మీద తువ్వాళ్లు ఆరేసేది. కొండల్ని అక్కణ్నుంచి దూరంగా చూసేదాన్ని.

తరవాత అతను అమ్మేస్తే పాడేరు వైపు కొత్తగా తెరిచిన ఒక రిసార్టుకి వచ్చాను. అక్కడి టూరిస్టులకి కొండ దిగడం సరదా, ఎక్కడం కాదు. సైకిళ్లని దిగువన వదిలేసి జీపెక్కి వచ్చేవాళ్లు. రిసార్టు మూతపడ్డప్పుడు, అన్నాళ్లూ ఆ సైకిళ్ల టైర్లూ చెయిన్లూ బాగుచేసిన గవరయ్యకి మేనేజరు మా సైకిలుని ఇచ్చేశాడు.

గవరయ్యకి ఘాటీ మొదట్లో సైకిలు షాపు ఉండేది. చుట్టుపక్కల సైకిలు తొక్కడం వచ్చినవాళ్లంతా ఆయన అద్దె సైకిళ్ల మీద మోకాళ్లు చెక్కుకున్నవాళ్లే. ఊళ్లోకి మోటారు సైకిళ్లు వచ్చాయి, ఆయనకి పక్షవాతం వచ్చింది. షాపు తలుపు మూసేశాడు. మమ్మల్ని మాత్రం కూతురికిచ్చాడు.

కూతురు నూకరత్నం పశువుల ఆసుపత్రిలో సహాయకురాలు. పొద్దున్నే మందుల పెట్టె వీపున కట్టుకుని ఘాటీ దిగి, కొండకింది ఊళ్లలో ఆవులకీ మేకలకీ టీకాలు వేసి వస్తుంది. ఇంటి నుంచి కనబడే మలుపు దాటగానే దారి బావిలోకి దిగినట్టు దిగుతుంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ.

ఆ ఉదయం, గవరయ్య తుడిచి పంపాక, అక్కడే బస్సు ఎదురొచ్చింది. రత్నం నన్ను నొక్కింది. మీట వెళ్లి హ్యాండిలుకి తగిలింది. పట్టుకోవాలనే చూశాను. నా బిళ్లలు పళ్లేన్ని తాకాయి, అంతే. వెనక బ్రేకు నాకు తోబుట్టువు, దాని రోగమూ ఇదే. రత్నం సైకిలుని కొండవైపు తిప్పేసి తుప్పల్లో పడింది. మోచెయ్యి చీరుకుపోయింది.

"ఏటమ్మా, బ్రేకుల్లేవా, బతుకు మీద ఆశ లేదా?" డ్రైవరు తల బయటపెట్టి అరిచి పోయాడు.

ఇంట్లో "జారిపడ్డాను నానా" అంది. గవరయ్య నమ్మలేదు. సైకిలుని బోర్లించాడు. ఆయనకి తెలిసిన పరీక్ష అదే. నా గొట్టం వెంట పైకీ కిందికీ తడిమాడు. ఎన్ని వందల సైకిళ్లు తెలిసిన చెయ్యో అది. దానికి నేనొక్కదాన్నే అర్థం కాను.

"తీగుంటే బిగిద్దును. తీగే లేదు, దేన్ని బిగించనే అమ్మీ?" అన్నాడు.

రత్నం ఫోనులో చూసి, నాకు సరిపడే నూనె తెప్పించి, గేదెలకి వాడే పెద్ద సిరంజితో నాకు వైద్యం చేసింది. సైకిలుని గోడకి నిలబెట్టి, కింద చిన్న మర వదులు చేసి, నూనెని పైకి తోసింది. బుడగలు ఒక్కొక్కటే గిన్నెలోకి వచ్చి పగిలాయి.

"నా కాలంలో సైకిలుకి సూదులెయ్యలేదమ్మా," అన్నాడు మంచం మీంచి గవరయ్య. "పడిశం పట్టిందేటి దానికి?"

"గాలి సోకింది నానా."

ఆ సాయంత్రం నేను రాయిలా ఉన్నాను. రత్నం పెరట్లో తొక్కి నొక్కితే వెనక చక్రం గాల్లోకి లేచింది. పకపకా నవ్వింది. తెల్లారింది. మందు వేసిన సైకిలు కదా అని గవరయ్య ఇంకాసేపు బోర్లించి ఉంచి, ఇంకా శ్రద్ధగా తుడిచాడు. గిన్నె మూతకున్న పాత రబ్బరు పక్కన దాక్కున్న కాస్త గాలి చాలు. మలుపులో మళ్లీ దూదినే. రత్నం తన వైద్యమే తప్పనుకుంది. మళ్లీ సిరంజి పట్టింది. మళ్లీ గట్టిపడ్డాను. మళ్లీ తెల్లారింది.

ఒకనాడు గవరయ్య జ్వరంతో లేవలేదు. ఆ రోజు ఘాటీ అంతా రాయిలా దిగాను. మర్నాడు లేచాడు, తుడిచాడు, నేను మెత్తబడ్డాను. రత్నం మలుపులో ఆగి మీటకేసి చాలాసేపు చూసింది. నోరులేనివాటి జబ్బు కంటితో పట్టడం ఆమెకి అలవాటే. మర్నాడు తండ్రి లేవకముందు వచ్చి నొక్కింది. తుడిచాక వచ్చి నొక్కింది. తెలిసిపోయింది.

నా కష్టం తీరిందనుకున్నాను. నానా, బోర్లించకు. ఆమె ఆ ఒక్క మాట అంటే చాలు. ఆమె నోరు తెరిచింది కూడా. గవరయ్య గుడ్డ పిండుతూ, "సూసుకో అమ్మీ, అద్దంలా ఉంది. నేనుండగా నీ బండికి బయమేటి?" అన్నాడు.

"అవును నానా," అంది రత్నం.

ఆ పూటే వంటింటి గుమ్మంలో తల్లికి చెప్పింది. సన్నాసమ్మ పొయ్యి ఊదడం ఆపింది.

"సెప్పకే. షాపు మూసినకాడ్నుంచి ఆ మనిషి పొద్దున్నే లెగుస్తన్నది దానికోసరమే." పొయ్యిలో పుల్ల ఎగదోసి, "అలగని నువ్వు లోయలో పడతావేటి? ఏటి సెయ్యాలో నాకూ తోచడం లేదు," అంది.

ఆ తరవాత రత్నం రోజూ మలుపు దాకా సైకిలుని నడిపించుకుని వెళ్లేది. ఇంటికి కనబడని చోట నిటారుగా నిలబెట్టి, గాలి మళ్లీ గిన్నెలోకి ఎక్కేదాకా నన్ను నొక్కి వదిలేది, నొక్కి వదిలేది. కొన్ని రోజులు అంతా ఎక్కేది. కొన్ని రోజులు కొంచెం మిగిలేది. ఎంత మిగిలిందో నాకు తెలుసు, ఆమెకి తెలియదు. ఆ కొంచెంతోనే దిగేవాళ్లం. మనుషులకి ఎదటివాళ్ల మనసు నొప్పించడం కన్నా లోయే తేలిక కాబోలు. ఇనుముని, నాకేం తెలుసు?

ఒకరోజు ఆమె అన్నం క్యారేజీ మరిచిపోయింది. "నేనిచ్చొస్తాలే" అని గవరయ్య కాలీడ్చుకుంటూ వెనకాలే వచ్చాడు. మలుపు దగ్గర ఆగిపోయాడు. ఆమె వీపు ఆయన వైపు ఉంది, చూడలేదు. నాకు కనిపిస్తున్నాడు. ఆమె నన్ను నొక్కింది, సైకిలుని ముందుకి తోసి చూసింది, మళ్లీ నొక్కింది. చాలాసేపు. చివరికి తృప్తి పడ్డట్టు ఎక్కి కూర్చుంది. గవరయ్య పిలవలేదు. క్యారేజీ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మేం దిగిపోయాం.

సాయంత్రం తల్లీకూతుళ్లు లోపలుండగా ఆయన నా దగ్గరికి వచ్చాడు. నొక్కాడు. రాయి. సైకిలుని బోర్లించి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి లేపి నిలబెట్టి నొక్కాడు. దూది. చెయ్యి మీట మీదే ఉండిపోయింది. తరవాత ఆయన కూడా నొక్కి వదలడం మొదలుపెట్టాడు, నేను గట్టిపడేదాకా.

మర్నాడు ఎండ వాకిట్లోకి వచ్చినా నన్ను ఎవరూ తిరగెయ్యలేదు. నిన్నటి మట్టి నా మీద ఎండిపోయింది.

"ఏటి, ఈయేళ సైకిలు తుడవ్వా?" అంది సన్నాసమ్మ.

గవరయ్య తుడిచే గుడ్డని మడతపెట్టి హ్యాండిలు మీద వేశాడు. రత్నం పెట్టె కట్టుకుని వచ్చింది. మట్టినీ, గుడ్డనీ, తండ్రినీ చూసింది. గొంతులోకి నవ్వు తెచ్చుకుని, "తుడువు నానా, నేనాగుతాను. బోర్లించనా?" అని తనే సైకిలుని పైకెత్తబోయింది.

గవరయ్య కుడిచెయ్యి సీటు మీద పడింది. సైకిలుని నేలకి అదిమి పట్టుకుంది.

రత్నం చేతులు ఆగిపోయాయి. ఒకటి నా మీటని పట్టుకుంది. నేను రాయిలా ఉన్నాను. ఆయనకి తెలిసిందని ఆ గట్టిదనమే ఆమెకి చెప్పింది. ఇంత గట్టిగా ఎందుకున్నానా అనిపించింది.

ఆయన చెయ్యి తీశాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. చెప్పుల్లో కాళ్లు పెట్టడానికి కొంచెంసేపు పట్టింది. రత్నం నన్ను అలా నొక్కి పట్టుకునే ఉంది. గవరయ్య మా పక్కనుంచే నడిచి, వాకిలి దాటి వెళ్లిపోయాడు.